పుట్టింటి పురుడు, చిన్న లిఫ్ట్, సీఎన్‌జీ కారు: మీ ఇంటికి ఏ స్ట్రోలర్ సరిపోతుంది?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. మీకు ఇప్పుడు ఏడో నెల. వచ్చే నెల పురిటికి తెనాలి, అమ్మగారింటికి వెళ్తున్నారు. బిడ్డకు ఐదో నెల వచ్చాక కూకట్‌పల్లి తిరిగొస్తారు. పాత అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు, చిన్న లిఫ్ట్. కారు సీఎన్‌జీ వేగనార్. బిడ్డ తొమ్మిదో నెలలో న్యూజెర్సీ, మీ ఆడపడుచు ఇంటికి ప్రయాణం. బడ్జెట్ 20 వేలు. కారులో బిగించే పసిపిల్లల సీటు, పడుకోబెట్టే తొట్టి, స్ట్రోలర్ (బిడ్డని కూర్చోబెట్టి తోసే బండి) మూడూ కలిపి వచ్చే త్రీ-ఇన్-వన్ సెట్టు మీవారికి నచ్చింది, ఆఫర్ అయిపోయేలోగా కొనేద్దామంటున్నారు. అత్తగారేమో ఎత్తుకోవడానికి ఇంతమందిమి ఉండగా బండి ఎందుకంటున్నారు.

పిల్లల సామాన్ల షాపు నడుపుతున్నాను. అమ్మకం నాది, రిపేర్లు మావారివి. అమ్మేటప్పుడు కనిపించని విషయాలు బండి రిపేరుకి వచ్చినప్పుడు కనిపిస్తాయి కాబట్టి, రెండు వైపుల నుంచీ చూసి చెప్తున్నాను.

ఆఫర్ వదిలేయండి. ఇప్పుడు కారు సీటు ఒక్కటే కొనండి. స్ట్రోలర్‌ని మీరు తెనాలి నుంచి తిరిగొచ్చే వారం పది రోజుల ముందు కొనండి. వీపు భాగం దాదాపు బల్లపరుపుగా వాలేది, బరువు 7 కిలోలు దాటనిది, ఒకే హ్యాండిల్ ఉన్నది, మడిస్తే మీ డిక్కీలో పట్టేది తీసుకోండి. కంపెనీ పేరు తర్వాత సంగతి. బిడ్డ మెడ, వెన్ను ఏ దశలో ఉన్నాయి, మీ గుమ్మం నుంచి నడిచే చోటు దాకా దారి ఎలా ఉంది, ఈ రెండే బండిని నిర్ణయించాలి.

ఇప్పుడే కొనొద్దని ఎందుకంటున్నానంటే, మన ఇళ్లలో తొలిచూలు పురుడు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి తీసుకొస్తారు. అంటే ఏడో నెలలో హైదరాబాద్‌లో కొన్న బండి అట్టపెట్టెలోనే అర్ధ సంవత్సరం కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో వాపసు గడువు పోతుంది, వారంటీలో సగం కాలం కరిగిపోతుంది. తీరా తెరిచాక ముందు చక్రం లాక్ పడకపోతే అడిగే దారి ఉండదు. ఇలా పెట్టె టేపు కూడా విప్పని బండ్లు, మొదటి రోజే లోపంతో, మా దగ్గరికి చాలా వస్తుంటాయి. ఆఫర్లు మళ్లీ వస్తాయి. దసరాకి, సంక్రాంతికి, ప్రతి పెద్ద సేల్‌కి వస్తూనే ఉంటాయి.

ఆ మొదటి నాలుగైదు నెలలు తెనాలిలో బిడ్డకి ఉయ్యాల ఉంటుంది, పక్క ఉంటుంది, ఎత్తుకునే చేతులు ఉంటాయి. ఆ కాలానికి మీ అత్తగారి మాటే సరైనది. ఆ వయసులో బిడ్డ బయటికి వెళ్లేది టీకాలకి, డాక్టర్ దగ్గరికి. అది కారు ప్రయాణం. అందుకే కారు సీటు ముందు అంటున్నాను. ఒళ్లో గట్టిగా పట్టుకుంటే చాలు అనుకుంటారు చాలామంది. గట్టిగా బ్రేకు పడ్డప్పుడు ఎంత బలమున్న మనిషి చేతులైనా బిడ్డని ఆపలేవు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని బెల్టుతోగానీ పిల్లల సీటుతోగానీ భద్రంగా కూర్చోబెట్టకపోతే 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది. సీటుని వెనక సీట్లో, బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండేలా బిగించండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో అలా పెట్టడం చాలా ప్రమాదం. కొనే ముందు సీటుని మీ కారులో ఒకసారి బిగించి చూపించమనండి. కొన్ని కార్లలో వెనక బెల్టు పొడవు చాలదు, సీటు చుట్టూ తిరిగి బకిల్ దాకా రాదు. ఇది ఇంటికి తెచ్చాక తెలిస్తే చాలా ఇబ్బంది.

తెనాలి నుంచి కూకట్‌పల్లికి ఐదారు గంటల దారి కదా. కారు సీటులో బిడ్డని ఆపకుండా అంతసేపు ఉంచకండి. బ్రిటన్‌లో పసిపిల్లల భద్రత గురించి చెప్పేవాళ్లు 2 గంటల హద్దు పెడతారు. పుట్టి కొద్ది వారాలే అయితే ఇంకా తక్కువ. మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి, బయటికి తీసి, పాలిచ్చి, కాసేపు వెల్లకిలా పడుకోబెట్టి బయల్దేరండి. వెనక సీట్లో బిడ్డ పక్కన ఒకరు తప్పకుండా కూర్చోవాలి.

దీనికి కారణం తెలిస్తే స్ట్రోలర్ ఎంపిక కూడా సులువవుతుంది. పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. ఆ బరువు మోయడానికి మెడలో బలం ఇంకా ఉండదు. కూర్చున్నట్టు ఉంచితే తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసిబిడ్డ గాలిగొట్టం సన్నగా, మెత్తగా ఉంటుంది. గడ్డం అలా ఆనితే మడతపడి గాలి ఆడదు. బిడ్డ ఏడవదు, గింజుకోదు, నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. అందుకే మెడ నిలబడేదాకా, అంటే సుమారు నాలుగు నెలలు, ఆ తర్వాత ఆసరాతో కూర్చునేదాకా, అంటే ఆరు నెలల దాకా, వీపు బల్లపరుపుగా ఉండే చోటే కావాలి. మీరు తిరిగొచ్చేసరికి బిడ్డకి మెడ నిలబడి ఉంటుంది కానీ నడుము నిలబడదు. కాబట్టి సీటు వాలడం మీకు కచ్చితంగా కావాల్సిన గుణం. నెలలు నిండకుండా పుడితే మాత్రం ఈ లెక్కలన్నీ మారతాయి. అప్పుడు డాక్టర్ చెప్పినప్పుడే.

ఇక్కడే కొనేవాళ్లు మోసపోతారు. పెట్టె మీద పుట్టిన రోజు నుంచి అని రాసి ఉంటుంది. బొమ్మలో సీటు వాలినట్టే కనిపిస్తుంది. కానీ చవక బండ్లలో వీపు భాగం వాలుతుంది, కూర్చునే భాగం మాత్రం కిందికి గుంటలా జారుతుంది. బిడ్డ లోపల సగానికి మడుచుకుపోతుంది. దీన్ని పట్టుకోవడానికి మా షాపులో నేను చేయించే పని ఒకటుంది. 5 కిలోల బియ్యం సంచి తెమ్మంటాను, లేదా ఇస్తాను. సీటు పూర్తిగా వాల్చి, సంచిని పొడుగ్గా పరిచి, పక్కకి వచ్చి నేల మీద కూర్చుని బండిని పక్క నుంచి చూడమంటాను. ఖాళీ బండిలో తిన్నగా కనిపించిన గుడ్డ బియ్యం బరువుకి మధ్యలో ఉయ్యాల గుడ్డలా వేలాడితే ఆ బండి ఆరు నెలల లోపు బిడ్డకి పనికిరాదు. సంచి తిన్నగా ఉండి, తల వైపు కొద్దిగా మాత్రమే ఎత్తుగా ఉంటే తీసుకోవచ్చు. గుడ్డ కింద గట్టి పలక ఉందో లేదో చేతితో నొక్కి చూడండి. పలక ఉన్నవి వేలాడవు.

సంచి లోపల ఉండగానే బండిని ఒక చేత్తో తోయండి. తిన్నగా వెళ్తుందా, ఒక పక్కకి లాగుతుందా? షాపు నేల నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ అన్నీ బాగానే నడుస్తాయి. గుమ్మం దాటించి బయట మెట్టు మీంచి, పార్కింగ్‌లో పేవర్ రాళ్ల మీంచి తోయనివ్వమని అడగండి. ఒప్పుకోని షాపులో కొనకండి.

చక్రాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన రోడ్ల మీద బండి బతుకు వాటి మీదే ఆధారపడి ఉంది. కాలనీ రోడ్డులో స్పీడు బ్రేకరు, డ్రైనేజీ మూత, కంకర, పైపు కోసం తవ్వి సరిగ్గా పూడ్చని గాడి, ఇవన్నీ వంద అడుగుల్లోనే తగులుతాయి. చిన్న చక్రం అంచుకి గుద్దుకుని ఆగిపోతుంది, ఆ కుదుపంతా బిడ్డ తలకి చేరుతుంది. చక్రం పెద్దదైతే అదే అంచు మీదికి ఎక్కి దిగిపోతుంది. 5 అంగుళాల చక్రాలున్న బండి మాల్‌కీ విమానాశ్రయానికీ బాగుంటుంది. కాలనీలో రోజూ తిప్పాలంటే వెనక చక్రాలైనా 6, 7 అంగుళాలు ఉండాలి, స్ప్రింగు సస్పెన్షన్ ఉండాలి. ముందు చక్రాలు అన్ని వైపులకీ మళ్లేవి కావాలి, అవసరమైనప్పుడు తిన్నగా లాక్ అవ్వాలి. గతుకుల మీద లాక్ వేయకపోతే ముందు చక్రం వణుకుతూ అడ్డం తిరిగి బండి హఠాత్తుగా ఆగుతుంది. గాలి నింపే టైర్లు మెత్తగా వెళ్తాయి కానీ పంక్చరవుతాయి, బరువు కూడా ఎక్కువ. మీకు వద్దు. పూర్తి గట్టి ప్లాస్టిక్ చక్రాలు అసలే వద్దు. ఫోమ్, రబ్బరు కలిసినవి చాలు.

ఫుట్‌పాత్ అంచు ఎక్కించాల్సి వచ్చినప్పుడు బండిని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుగా ఎక్కేలా మీ వైపుకి లాక్కోండి. దిగేటప్పుడు కూడా మీరు ముందు కిందికి దిగి బండిని వెనక చక్రాల మీద దించండి. ముందు నుంచి తోసి దించితే బిడ్డ బెల్టు మీదికి వాలిపోతుంది. డ్రైనేజీ జాలీ కనిపిస్తే ఏటవాలుగా దాటండి, తిన్నగా వెళ్తే ముందు చక్రం సందులో పడుతుంది.

రిపేరుకి వచ్చే బండ్లలో ఎక్కువ భాగం ముందు చక్రం బిగుసుకుపోయిందని వస్తాయి. చక్రం ఊడదీస్తే ఇరుసు చుట్టూ తల వెంట్రుకలు, చీర అంచు దారాలు, గాలిపటం మాంజా పోగులు బిర్రుగా చుట్టుకుని ఉంటాయి. మావారు పాత బ్లేడుతో వాటిని కోసి, తుడిచి, ఒక చుక్క సిలికాన్ నూనె వేసి పంపిస్తారు. కొబ్బరినూనె మాత్రం వేయకండి. దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. బటన్ నొక్కితే ఊడొచ్చే చక్రాలున్న బండి తీసుకుంటే ఈ పని నెలకోసారి మీరే ఇంట్లో చేసుకోవచ్చు.

ఇప్పుడు లిఫ్ట్, మెట్లు. పాత అపార్ట్‌మెంట్లలో నలుగురు పట్టే లిఫ్ట్, కొన్నిట్లో ఇంకా జాలీ తలుపే. టేపు పెట్టి తలుపు తెరుచుకునే వెడల్పు, లోపలి లోతు కొలవండి. బండి వెడల్పు దానికంటే నాలుగు వేళ్లైనా తక్కువ ఉండాలి. బండి లోపలికి వెళ్లాక మీరు నిలబడే చోటు కూడా మిగలాలి. జాలీ తలుపైతే బిడ్డ చేతులు లోపలి వైపే ఉండేలా బండిని వెనక్కి తిప్పి ఎక్కించండి. కరెంటు పోయిన రోజు కూడా ఆలోచించుకోండి. ఒక చంకలో ఏడు కిలోల బిడ్డ, ఇంకో చేతిలో మడిచిన బండి, మూడంతస్తుల మెట్లు. సిజేరియన్ అయితే కోత లోపల పూర్తిగా మానడానికి పైకి కనిపించేదానికంటే ఎక్కువ కాలం పడుతుంది. అందుకే 7 కిలోలు అన్నాను. మీవారు మెచ్చిన త్రీ-ఇన్-వన్ లాంటివి సాధారణంగా 10 కిలోల పైనే ఉంటాయి. వాటిని నేను తక్కువ చేయడం లేదు. ర్యాంపు ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో, పెద్ద లిఫ్టుతో, పెద్ద డిక్కీతో ఉన్నవాళ్లకి అవి హాయి. లండన్‌లో వానలో, చలిలో రోజూ బిడ్డతో నడిచి దుకాణాలకి వెళ్లే మనవాళ్లకి అలాంటి దిట్టమైన ప్రామ్, అంటే పెద్ద తోపుడు బండి, నిజంగా అవసరం. మీ ఇంటికి మాత్రం అది భారం.

డిక్కీ సంగతి మీవారికి ఇలా చూపించండి. సీఎన్‌జీ సిలిండరు డిక్కీలో చాలా భాగం తినేస్తుంది. బండి మడిచినప్పటి పొడవు, వెడల్పు, ఎత్తు ప్రతి కంపెనీ రాస్తుంది. ఆ కొలతలతో పాత అట్టపెట్టె ఒకటి కోసి టేపు వేసి, సిలిండరు పక్కనో పైనో పెట్టి డిక్కీ మూసి చూడండి. మూసుకుంటే సరే. మూసుకోకపోతే ఆ మోడల్ అక్కడితో ఆగిపోయినట్టే, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే. డైపర్ల సంచికి చోటు వదలడం మర్చిపోకండి.

ఒక చేత్తో మడవగలగడం కూడా షాపులో మీరే చేసి చూడండి, సేల్స్‌మన్ చేసి చూపిస్తే లెక్క కాదు. రెండో చేతిలో బ్యాగు పట్టుకుని చేయండి. మడిచాక లాక్ పడి దానంతటది తెరుచుకోకూడదు. తెరిచాక కూడా రెండు లాకులు ఉండాలి, ఒకటి జారినా బండి బిడ్డ మీదికి మూసుకోకూడదు. గొడుగులా మడిచే తేలిక బండిని 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే బ్రిటిష్ ఇంజనీరు తయారుచేశాడు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాల చక్రాల అమరిక మీద పనిచేసిన మనిషి. విమానాల్లో వాడే అల్యూమినియం గొట్టాలతో చేసిన ఆ బండి బరువు 3 కిలోల లోపే. ఇప్పటి తేలిక బండ్లన్నిటికీ మూలం అదే. అయితే మడత బండ్లలో ప్రమాదం కూడా మడతలోనే ఉంది. 2009 నవంబరులో అమెరికాలో అదే పేరున్న కంపెనీ దాదాపు 10 లక్షల బండ్లకి కీళ్ల మీద వేసే తొడుగులు ఇవ్వాల్సి వచ్చింది. మడత తెరిచేటప్పుడు పిల్లల వేళ్ల చివర్లు కీలులో పడి తెగిన ఘటనలు బయటపడ్డాయి. కాబట్టి ఏ కంపెనీ బండైనా కీళ్ల మీద తొడుగు ఉందో లేదో చూడండి. తెరిచేటప్పుడు, మడిచేటప్పుడు బిడ్డని వేరే మనిషి దగ్గరో దూరంగా పక్క మీదో ఉంచండి. నడక నేర్చాక ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఆ వయసులో వాళ్లే వచ్చి బండి పట్టుకుంటారు.

బెల్టు భుజాల మీంచి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి, మొత్తం ఐదు చోట్ల పట్టాలి. నడుముకి మాత్రమే ఉన్నది వద్దు. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే బిడ్డ నిద్రలో కిందికి జారి మెడ దగ్గర చిక్కుకుంటుంది. రెండు నిమిషాల పనైనా, లిఫ్ట్‌లో దిగి రావడమైనా, బెల్టు పెట్టే తోయండి. భుజం దగ్గర ఒక వేలు దూరేంత బిగువు చాలు. బకిల్ మీకు తేలిగ్గా ఊడాలి, రెండేళ్ల పిల్లకి ఊడకూడదు.

హ్యాండిల్ మీ నడుము ఎత్తులో ఉండాలి. మీరు 5 అడుగులు, మీవారు 6 అడుగులు అన్నారు కాబట్టి ఎత్తు మారేదైతే మంచిది. లేకపోతే ఎక్కువగా తోసే మనిషికి సరిపోవాలి. రెండు విడి పిడులున్న బండ్లకి రెండు చేతులూ కావాలి, గేటు తీయాలన్నా ఫోన్ ఎత్తాలన్నా ఆగాల్సిందే. ఒకే కడ్డీ ఉన్నది తీసుకోండి. బిడ్డ మన వైపు చూస్తూ ఉండాలంటే హ్యాండిల్ అటు నుంచి ఇటు తిప్పుకునే బండ్లు ఇక్కడ తక్కువ ధరలోనే దొరుకుతాయి. అలా తిప్పినప్పుడు తిరిగే చక్రాలు మీ కాళ్ల దగ్గరికి వచ్చేస్తాయి, మలుపు తిప్పడం బరువవుతుంది. షాపులో రెండు వైపులా తోసి చూడండి. నా మటుకు ఏడాది లోపు బిడ్డకి ఈ సౌకర్యం విలువైనదే. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో వీధుల్లో తల్లుల్ని, పిల్లల్ని గమనిస్తే, బిడ్డ ముఖం తమ వైపు ఉన్నప్పుడు పెద్దవాళ్లు రెండింతలు ఎక్కువగా మాట్లాడుతున్నట్టు తేలింది. మాటలు నేర్చే వయసుకి అది చిన్న విషయం కాదు. పైగా ముఖం కనిపిస్తే నిద్రలో తల వాలినా, ఎండ కంట్లో పడినా వెంటనే తెలుస్తుంది.

మీ దగ్గర నేషనల్ హైవే ఉంది, సాయంత్రం ఆరింటికి ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. స్ట్రోలర్‌లో బిడ్డ ముఖం వాహనాల పొగ గొట్టం ఎత్తుకి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో, బండిలోని పిల్లలు పక్కన నడిచే పెద్దవాళ్లకంటే 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యం పీల్చే అవకాశముందని చెప్పారు. కాబట్టి మెయిన్ రోడ్డు వైపు తీసుకెళ్లకండి. పొద్దున్నే, కాలనీ లోపలి వీధుల్లో, దగ్గరి పార్కులో తిప్పండి. రోడ్డు పక్క నుంచి తప్పక వెళ్లాల్సి వస్తే బిడ్డని ఎత్తుకుని వెళ్లడమే మేలు.

ఎండ గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే రోజూ చూస్తున్నాను. ఎండ తగలకుండా బండి మీద తువ్వాలు, దుపట్టా కప్పేస్తారు. లోపల గాలి ఆగిపోయి బయటికంటే వేడెక్కుతుంది, బిడ్డ కనిపించదు కూడా. సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో కొలిచి చూస్తే, పొడి గుడ్డ కప్పినప్పుడు లోపల వేడి పెరిగింది. తడిపిన పల్చటి గుడ్డ వేసి, చిన్న ఫ్యాన్ పెట్టినప్పుడు దాదాపు 5 డిగ్రీలు తగ్గింది. తడి ఆరేకొద్దీ చల్లబడుతుంది, అంతే. హైదరాబాద్ పొడి ఎండలో ఇది పనిచేస్తుంది. తెనాలి ఉక్కపోతలో గుడ్డ త్వరగా ఆరదు కాబట్టి అంత లాభం ఉండదు. అన్నిటికంటే మంచిది ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది దాటాక బండి బయటికి తీయకపోవడం. కొనేటప్పుడు లేత రంగు, నిండుగా కిందికి దిగే పందిరి, వెనక గాలాడే జాలీ చూడండి. పార్కింగ్‌లో ఎండలో ఉన్న బండిలో బిడ్డని కూర్చోబెట్టే ముందు బకిల్‌ని మీ చేత్తో ముట్టుకోండి.

దోమతెర తప్పకుండా కొనండి. డెంగీ దోమ పగలే కుడుతుంది, ముఖ్యంగా తెల్లారాక, పొద్దుగుంకే ముందు. మనం పిల్లల్ని బయట తిప్పేది సరిగ్గా ఆ వేళల్లోనే. అంచుకి ఎలాస్టిక్ ఉండి బండి చుట్టూ బిగుతుగా కూర్చునేది కావాలి. ఊరికే పైన వేసే తెరని బిడ్డ నోట్లోకి లాక్కుంటుంది.

న్యూజెర్సీ ప్రయాణానికని ప్రత్యేకంగా ఖరీదైన క్యాబిన్ స్ట్రోలర్ (విమానం లోపల సీట్ల పై అరలో పట్టేంత చిన్నగా మడిచేది) కొనాలా అన్నారు. అక్కర్లేదు. చాలా ఎయిర్‌లైన్స్ విమానం తలుపు దాకా స్ట్రోలర్‌ని తోసుకెళ్లనిస్తాయి, అక్కడ తీసుకుని సామాన్ల అరలో వేస్తాయి. ట్రాన్సిట్‌లో అది విమానం తలుపు దగ్గరే తిరిగిస్తారా, చివరి ఊళ్లో ఇస్తారా అన్నది టికెట్ తీసుకున్నాక మీ ఎయిర్‌లైన్‌కే రాసి తెలుసుకోండి. మధ్య విమానాశ్రయంలో నాలుగు గంటలు బండి లేకుండా ఉండాల్సి వస్తే బిడ్డని ఒంటికి కట్టుకునే క్యారియర్ ఒకటి వెంట ఉంచుకోండి. క్యారియర్‌లో బిడ్డ ముఖం ఎప్పుడూ మీకు కనిపిస్తూ ఉండాలి, ముద్దు పెట్టేంత ఎత్తులో తల ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, మోకాళ్లు పిరుదులకంటే కాస్త పైకి ఉండాలి. విమానంలో వేసే బండికి సంచి తొడిగి పంపండి, లేకపోతే చక్రాలు విరిగి వస్తాయి.

లేబుల్ మీద ఈఎన్ 1888 అని ఉంటే అది యూరప్ ప్రమాణం, ఏఎస్‌టీఎం ఎఫ్833 అంటే అమెరికాది. బ్రేకులు, తలకిందులవడం, వేళ్లు ఇరుక్కోవడం లాంటివన్నీ పరీక్షించి ఉంటారు. రెండిట్లో ఏదో ఒకటి ఉన్నది తీసుకోండి. ఎన్ని కిలోల దాకా అన్నది కూడా చూడండి. 15 కిలోలని రాసి ఉంటే మన పిల్లలకి సుమారు మూడేళ్ల దాకా సరిపోతుంది.

మీ బడ్జెట్‌లో ఇదంతా హాయిగా పడుతుంది. ఇప్పటి ధరల్లో నేను చెప్పిన గుణాలున్న స్ట్రోలర్ 7 నుంచి 11 వేల మధ్య దొరుకుతుంది. పసిపిల్లల కారు సీటుకి ఐదారు వేలు పెట్టుకోండి. మిగిలింది దోమతెరకి, క్యారియర్‌కి. కప్పు పెట్టుకునే స్టాండు, బొమ్మల కడ్డీ, మ్యూజిక్ లాంటి వాటికి డబ్బు పెట్టకండి. గుడ్డ ఊడదీసి ఉతుక్కునేలా ఉండటం వాటన్నిటికంటే ముఖ్యం.

బంధువులెవరైనా వాకర్ బహుమతిగా ఇస్తామంటే, దాని బదులు స్ట్రోలర్‌కి డబ్బు కలపమని ప్రేమగా చెప్పండి. వాకర్‌లో బిడ్డ క్షణంలో మెట్ల దాకా వెళ్లిపోతుంది, అందని వేడి గిన్నెలు అందుతాయి. నడక తొందరగా రావడమూ ఉండదు. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. మా షాపులో అవి పెట్టం.

మీ అక్క వాళ్ల పాత బండి వస్తుందని చివర్లో రాశారు. అది తీసుకోవడానికి నామోషీ ఏమీ లేదు, కానీ ఇవి చూడండి. బ్రేకు వేసి వాలు మీద బియ్యం సంచితో నిలబెడితే జారకూడదు. బెల్టు కుట్లు లాగితే పోగులు రాకూడదు. కీళ్ల దగ్గర గొట్టంలో వెంట్రుకంత పగులున్నా వద్దు. సీటు కింద, మడతల్లో నల్ల బూజు ఉంటే గుడ్డ మార్చగలిగితేనే తీసుకోండి. అమెరికా నుంచి తెచ్చిన బండైతే దాని మోడల్ నంబరుని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికితే వెనక్కి పిలిచిన జాబితాలో ఉందో లేదో తెలుస్తుంది. కారు సీటు మాత్రం ప్రమాదంలో పడలేదని మీకు నిక్కచ్చిగా తెలిస్తే తప్ప పాతది తీసుకోవద్దు.

వాడటం మొదలుపెట్టాక మూడు విషయాలు మీ ఇంట్లో బండి తోసే ప్రతి మనిషికీ, అమ్మమ్మకీ నాయనమ్మకీ పనమ్మాయికీ కూడా చెప్పండి. చేయి తీసిన ప్రతిసారీ బ్రేకు వేయాలి, చదునైన నేల మీదైనా సరే. కూరగాయల సంచి హ్యాండిల్‌కి తగిలించకూడదు, కింది బుట్టలోనే వేయాలి. హ్యాండిల్‌కి తగిలిస్తే, బిడ్డని ఎత్తుకున్న మరుక్షణం ఆ సంచి బరువుకి బండి వెనక్కి పడుతుంది, బిడ్డ లోపలే ఉండి కాళ్లతో తన్నినా పడొచ్చు. మాల్‌లో ఎస్కలేటర్ మీదికి ఎక్కించకూడదు, లిఫ్ట్ కోసం ఎంతసేపైనా ఆగాలి. బయట తిరుగుతూ బండిలో నిద్రపోతే పక్కనే ఉండి చూసుకోండి, ఇంటికి రాగానే పక్క మీదికి మార్చండి. రాత్రి నిద్రకి స్ట్రోలర్ వాడకూడదు.

తెనాలి బయల్దేరే ముందు లిఫ్ట్ తలుపు వెడల్పు, సిలిండరు పోగా డిక్కీలో మిగిలిన మూడు కొలతలు సెంటీమీటర్లలో రాసి ఇక్కడ పెట్టండి. అక్క వాళ్ల బండి మోడల్ పేరు, కీళ్ల దగ్గర తీసిన రెండు ఫోటోలు కూడా పెడితే అది ఉంచుకోవచ్చో లేదో మావారితో చూపించి చెప్తాను.